పిల్లల ఇన్ఫెక్షన్ల చికిత్సలో సిమ్యులేషన్ శిక్షణ

తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకిందన్న అనుమానంతో ఆసుపత్రికి తెచ్చిన బిడ్డను పరీక్షించి, ప్రమాద లక్షణాలను పసిగట్టి, చికిత్స మొదలుపెట్టే క్రమాన్ని రోగి మీద కాక బొమ్మ మీద, కల్పిత సందర్భంలో వైద్యబృందం చేత అభ్యాసం చేయించే పద్ధతిని సిమ్యులేషన్ శిక్షణ అంటారు. ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించి తన అవయవాలనే దెబ్బతీసుకునే సెప్సిస్ అనే స్థితి కొద్ది గంటల్లోనే ముదరవచ్చు. పిల్లల్లో రక్తపోటు చాలాసేపు నిలకడగా ఉండి చివరకు పడిపోతుంది గనుక, ఆ లోపే గుండె వేగాన్ని, శ్వాస వేగాన్ని, చర్మాన్ని నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి పట్టే సమయాన్ని చూసి సెప్సిస్‌ను పోల్చుకోవడమే ఈ శిక్షణకు ఆయువుపట్టు.

ఈ పద్ధతికి పునాది 1960లో నార్వేలో పడింది. బొమ్మల తయారీదారు ఆస్మండ్ లేర్డాల్, నోటితో శ్వాస అందించడం నేర్పేందుకు ‘రెససి ఆన్’ అనే నిలువెత్తు బొమ్మను రూపొందించాడు. 1980ల చివర స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ గాబా విమాన చోదకుల శిక్షణను ఆదర్శంగా తీసుకుని, మత్తు వైద్యులకు ఆపత్సమయంలో బృందంగా మెలగడాన్ని సిమ్యులేటర్ మీద నేర్పాడు. పిల్లల ప్రాణరక్షణకు ఉద్దేశించిన ‘పాల్స్’ కోర్సు అమెరికాలో 1988లో ఆరంభమైంది.

టీకాల విజయం ఈ శిక్షణ అవసరాన్ని పెంచింది. బ్రిటన్‌లో 1992లో హిబ్ టీకా, 1999లో మెనింజోకోకస్ సి టీకా వచ్చాక, ఆ బ్యాక్టీరియాల వల్ల కలిగే మెదడు పొరల వాపు అరుదైపోయి, యువవైద్యులకు అటువంటి బిడ్డను చూసే అవకాశమే తగ్గింది.

అయితే సాధన చేయించే చికిత్స సరైనది కాకపోతే, సాధన వల్ల తప్పే స్థిరపడుతుంది. 2002 నాటి అమెరికన్ మార్గదర్శకాలు సెప్సిస్ ముదిరి అవయవాలకు రక్తం చాలినంత అందని షాక్ స్థితిలో తొలి గంటలోనే కిలో బరువుకు 60 మి.లీ. దాకా, అవసరమైతే అంతకుమించీ సెలైన్ ఎక్కించమన్నాయి. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3 వేలకు పైగా పిల్లలపై జరిగి 2011లో వెలువడిన ‘ఫీస్ట్’ పరిశోధనలో మాత్రం, త్వరత్వరగా ద్రవం ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లోపు మరణాలు సుమారు 10.5 శాతం, అలా ఎక్కించని వారిలో 7.3 శాతం అని తేలింది. దరిమిలా 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు, ఐసీయూ లేనిచోట రక్తపోటు పడిపోని పిల్లలకు ద్రవాన్ని అలా గుమ్మరించవద్దని, షాక్‌లో ఉన్న బిడ్డకు గంటలోపు యాంటీబయోటిక్ అందాలని సూచించాయి. అందువల్ల ఒకే రోగ సందర్భాన్ని పెద్దాసుపత్రిలో ఒకలా, ఐసీయూ లేని ఆసుపత్రిలో మరొకలా నడిపించవలసి ఉంటుంది. కాలేయం పెరగడం, ఊపిరితిత్తుల్లో గరగర వినిపించడం వంటి ద్రవం అధికమైన సూచనలు కనబడగానే సెలైన్ ఆపడం కూడా అభ్యాసంలో భాగం కావాలి.

2014 ఎబోలా, 2020 కోవిడ్ కాలాల్లో రక్షణ దుస్తులు వేసుకోవడాన్ని, ముఖ్యంగా కలుషితం కాకుండా విప్పడాన్ని, ఇదే పద్ధతిలో నేర్పారు. భారతదేశంలో 2019 నుంచి అమలైన సామర్థ్యాధారిత ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికతో వైద్య కళాశాలల్లో ఇలాంటి సాధనకు ఉద్దేశించిన స్కిల్ ల్యాబ్ తప్పనిసరైంది.

వాడిపోయిన ముఖాన్ని, నీరసమైన ఏడుపును బొమ్మ సరిగా చూపలేదు గనుక వీడియోలను తోడుగా వాడతారు. తల్లి పాత్రను నటులో శిక్షకులో పోషిస్తారు. బిడ్డ ఎప్పటిలా లేడని ఆమె అన్న మాటను ప్రమాద సూచనగా తీసుకున్నారా లేదా అన్నది అభ్యాసం తర్వాతి చర్చలో పరిశీలిస్తారు.