నేల తడి చెప్పే చరిత్ర

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల చరిత్రను అర్థం చేసుకోవాలంటే రాజవంశాలతో పాటు నేల తడిని కూడా గమనించాలి. ఇక్కడ వాన ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు వరకే కురుస్తుంది. తరువాత పైనేల క్రమంగా ఆరిపోతుంది. ఆకురాల్చు అడవుల చెట్లు దీనికి అలవాటుపడ్డాయి. టేకు ఆకులు రాల్చి నీటి ఖర్చు తగ్గించుకుంటుంది. మోదుగ ఆకులు లేని కొమ్మల మీదే పూస్తుంది. వేప లోతైన వేళ్లతో తడిని అందుకొని, తొలకరికి ముందే చిగురిస్తుంది. కనుక వేసవిలో మోడుగా కనిపించే ప్రతి చెట్టూ ఎండిపోయినట్లు కాదు.

చెట్టు ఖర్చు తగ్గించుకుంటే, మనిషి నిల్వ పెంచుకున్నాడు. కాకతీయుల కాలంలో పిల్లలమర్రి ప్రాంతాన్ని ఏలిన రేచర్ల రెడ్లు గుళ్లతో పాటు చెరువులు కూడా కట్టించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో వరిసాగు విస్తరించింది. చెరువు ఊరి వానను దాచింది. కాలువ ఎక్కడో ఎగువన కురిసిన వానను ఊరికి తెచ్చింది.

అయితే ఈ మార్పుకు రెండో వైపు కూడా ఉంది. నీరు నిలిచే నేలలో వేళ్లకు గాలి అందదు. ఎండను తట్టుకొనే టేకు అక్కడ పెరగదు. సాగర్ నిండని ఏడాది ఆయకట్టు వరి ఎండుతుంది, గుట్ట మీది మోదుగ మాత్రం పూస్తుంది. ఈ తేడాకు కారణాలను మీ ఊరి చెరువు, కాలువల చరిత్రతో పోల్చి రాయండి.