బొప్పాయి పాల నుండి పపైన్ మాత్ర దాకా: ఒక మొక్క ఎంజైము చరిత్ర, వినియోగ భద్రత

ఉపోద్ఘాతం

ఖమ్మం నుండి తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వెళ్ళే దారిలో గాని, తెలుగునాట మరెక్కడైనా గాని పెరటి బొప్పాయి ఎవరికీ కొత్త చెట్టు కాదు. దాని పచ్చికాయకు గాటు పెడితే కారే తెల్లని పాలలోని ఎంజైము పపైన్. అజీర్తికి, కడుపుబ్బరానికి వాడే మాత్రలలో ఇది చాలాకాలంగా చేరుతున్నది. “మొక్క నుండి తీసినది, మన ప్రాచీన వైద్యంలో ఉన్నది, కనుక హాని లేనిది” అనే వాదం దానికి తోడుగా నడుస్తున్నది. ఇందులో మొదటి మాట నిజం. తక్కిన రెండింటినీ చారిత్రక ఆధారాలతో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్లలో దాగిన చరిత్ర

బొప్పాయి అమెరికా ఖండపు ఉష్ణమండలానికి చెందిన మొక్క. 1583 నుండి కొన్నేళ్ళు గోవాలో నివసించిన డచ్చి యాత్రికుడు లిన్‌స్ఖోటెన్ 1596లో వెలువడిన తన గ్రంథంలో ఈ పండు స్పానిష్ వారి అమెరికా నుండి ఫిలిప్పైన్స్, మలక్కాల మీదుగా భారతదేశానికి వచ్చిందని రాశాడు. కాబట్టి చరక, సుశ్రుత సంహితలకు ఇది తెలిసే అవకాశమే లేదు. ‘ఏరండకర్కటి’ అన్న సంస్కృత నామం ఆకు ఆముదపాకును పోలి ఉండటం చూసి తరువాతివారు కల్పించుకున్నది. తెలుగు పేర్లు ఇంకా నిజాయితీగా ఉన్నాయి. బొప్పాయి, బొబ్బాస అనేవి విదేశీ నామానికి మన నోటి రూపాలు. రాయలసీమలోని ‘పరింగి’, కన్నడంలోని ‘పరంగి’ ఫిరంగీలను, అంటే ఐరోపావారిని, సూటిగా గుర్తుచేస్తాయి. ‘మదనానప’ అన్నవారు కొత్త కాయను తమకు తెలిసిన ఆనపకాయతో పోల్చుకున్నారు. నాలుగు శతాబ్దాల అతిథిని వేల ఏళ్ళ ఔషధంగా చూపే వ్యాసాలు నేటికీ వెలువడుతుండటం విచారకరం.

వంటింటి నుండి ప్రయోగశాలకు

పపైన్ గుణాన్ని మొదట గ్రహించినది వంటగది. బొప్పాయి పాలు మాంసాన్ని మెత్తబరుస్తాయని గ్రిఫిత్ హ్యూస్ 1750 నాటి బార్బడోస్ ప్రకృతి చరిత్రలో నమోదు చేశాడు. హైదరాబాదు కచ్చీ బిర్యానీకి, కబాబులకు మాంసంలో పచ్చి బొప్పాయి ముద్ద కలిపేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ముద్ద ఎక్కువైనా, ఎక్కువసేపు నానినా మాంసం పిండిపిండి అవుతుందనీ వారికి తెలుసు. మోతాదు, వ్యవధి అనే రెండు సూత్రాలూ అక్కడే ఉన్నాయి.

మాంసకృత్తులపై ఈ రసం చూపే ప్రభావం గురించి జి. సి. రాయ్ 1874లో గ్లాస్గో వైద్య పత్రికలో రాశాడు. 1879లో ఫ్రెంచి రసాయనవేత్త వుర్ట్జ్, వైద్యుడు బూషూ ఆ పదార్థాన్ని వేరుపరచి పపైన్ అని పేరు పెట్టారు. 1911లో అమెరికాలో వాలర్‌స్టైన్ చల్లబరిచిన బీరు మసకబారకుండా దీన్ని వాడే పద్ధతికి పేటెంటు పొందాడు. పపైన్ 212 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 25వ స్థానంలోని సిస్టీన్ మాంసకృత్తుల బంధాలను తెంచుతుంది. దాని త్రిమితీయ నిర్మాణాన్ని డ్రెంత్ బృందం 1968లో వెల్లడించింది.

గిన్నెలో జరిగినది కడుపులోనూ అలాగే జరుగుతుందన్న ఊహపై మాత్ర పుట్టింది. అయితే పపైన్ బాగా పనిచేసేది తటస్థతకు దగ్గరి స్థితిలో. జఠరామ్లపు తీవ్రతలో దాని స్థిరత్వం దెబ్బతింటుంది. ఆరోగ్యవంతుని శరీరంలో పెప్సిన్, ట్రిప్సిన్ ఆ పనికి ముందే ఉన్నాయి. క్లోమం నిజంగా దెబ్బతిన్న రోగులకు వైద్యులిచ్చేది జంతుమూలమైన పాంక్రియాటిన్, పపైన్ కాదు. జీర్ణ సహాయకంగా తగిన రుజువు లేని పదార్థాల జాబితాలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ పపైన్‌ను చేర్చింది. మన దేశంలో పపైన్, డయాస్టేజ్, బొగ్గుపొడి కలిపిన మాత్రలు నేటికీ ఇంటింటా వాడుకలో ఉన్నాయి. తిన్నాక ఉపశమనం కలిగిందనేవారి అనుభవాన్ని తోసిపుచ్చనక్కరలేదు గాని, ఆ ఉపశమనం ఏ పదార్థం వల్ల కలిగిందో అటువంటి మిశ్రమంలో తేల్చడం కష్టం.

హాని చరిత్ర

బొప్పాయి పాలలోనే ఉండే మరో ఎంజైము కైమోపపైన్. జారిన వెన్నుపూస బిళ్ళను కరిగించడానికి లైమన్ స్మిత్ 1960ల తొలినాళ్ళలో దాన్ని సూదిమందుగా ప్రయోగించాడు. 1982లో అమెరికాలో అనుమతి లభించింది. కొందరిలో ప్రాణాంతకమైన అలెర్జీ, అరుదుగా వెన్నుపాము దెబ్బతినడం కనిపించాయి. చివరకు 2003లో అక్కడి విపణి నుండి అది తప్పుకున్నది. పుండ్లపై పూసే, అనుమతి లేని పపైన్ లేపనాలను అదే దేశం 2008లో ఆపించింది. రక్తపోటు పడిపోవడం, గుండెవేగం పెరగడం వంటి ఫిర్యాదులు అందుకు కారణం. పపైన్ పొడిని పీల్చిన కార్మికులలో ఉబ్బసం 1970ల నాటికే వైద్య సాహిత్యానికెక్కింది. రబ్బరు పాలు పడనివారికి బొప్పాయి పాలు కూడా పడకపోవచ్చు. వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారు, కడుపుపుండు ఉన్నవారు వైద్యుని అడగకుండా ఈ మాత్ర వేసుకోరాదు.

పచ్చికాయ, పండు

గర్భిణి బొప్పాయి తినరాదన్న తెలుగింటి నిషేధాన్ని మూఢనమ్మకమని కొట్టివేయడం చదువుకున్నవారికి అలవాటు. 2002లో సింగపూరు పరిశోధకులు ఎలుకల గర్భాశయ కండరంపై చేసిన పరీక్షలో పండు రసం చెప్పుకోదగ్గ సంకోచం కలిగించలేదు. పచ్చికాయ పాలు మాత్రం తీవ్ర సంకోచాలు కలిగించాయి. ఎలుకల ఫలితాన్ని స్త్రీలకు యథాతథంగా అన్వయించలేం. అయినా నిషేధంలోని గీత ఎక్కడ గీయాలో అది చూపుతుంది. కాయ పండేకొద్దీ పాలు దాదాపు తగ్గిపోతాయి. పాలు పడతాయని బాలింతకు పచ్చి బొప్పాయి కూర పెట్టే ఆచారమూ మనకున్నది. అయితే ఆ కూర ఉడికినది, ఉడుకులో ఎంజైము శక్తి చాలావరకు పోతుంది. ఒకే కాయకు పచ్చిది, ఉడికినది, పండినది అని మూడు స్థితులను ఈ ఆచారాలు వేరుచేశాయి.

మాత్ర ఈ భేదాన్ని చెరిపివేసింది. పపైన్ తీసేది ఎప్పుడూ పచ్చికాయ పాల నుండే. ముదిరిన పచ్చికాయపై గాట్లు పెట్టి, కారిన పాలను సేకరించి, ఆరబెట్టి పొడిచేస్తారు. పెట్టెపై నారింజరంగు పండు బొమ్మ ఉన్నా లోపల ఉన్నది అదే. మిల్లీగ్రాములలో రాసిన బరువు కూడా అసంపూర్ణ సమాచారమే. ఎంజైము బలాన్ని అది ఎంత మాంసకృత్తును జీర్ణం చేయగలదో దాన్నిబట్టి కొలుస్తారు, ఆరబెట్టిన తీరు, నిల్వ ఉన్న కాలం ఆ బలాన్ని మారుస్తాయి. గర్భిణి చేతికి ఈ మాత్ర ఇచ్చే దుకాణదారు “పచ్చిదా, పండినదా?” అన్న పెద్దమ్మ ప్రశ్నకు పెట్టె మీద జవాబు వెతికితే, పండు బొమ్మ తప్ప మరేమీ దొరకకపోవచ్చు.