కువైట్‌లో ఓటు ఎవరిది

రాజంపేట, నందలూరు, కోడూరు పల్లెల్లో కువైట్ సంగతి తెలియని ఇల్లు లేదు. అకామా (నివాస అనుమతి), కఫీల్ (పూచీదారు), ఖాదిం వీసా (ఇంటి పనివాళ్ల వీసా) అనే మాటలు మన అవ్వల నోళ్లలో కూడా నానుతుంటాయి. దినారు ఈ రోజు ఎంతుందో రచ్చబండ మీద కూర్చున్నవాళ్లు చెప్పేస్తారు. ఇన్నేళ్లు మనకు కూడు పెట్టిన ఆ దేశం ఎలా ఏర్పడింది, అక్కడ ఊరి పెత్తనం ఎవరిది, ఓటు ఎవరికుంది అన్నది మాత్రం మనం ఎప్పుడూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఇంటి డ్రైవరుగా కువైట్‌కొచ్చి తర్వాత దుకాణంలో కుదురుకున్న నాకు ఇప్పుడు ఆ కథ చెప్పాలనిపించడానికి కారణముంది. 2021లో ఎన్నికైన మన సర్పంచులకూ, రాజంపేట మునిసిపల్ కౌన్సిలర్లకూ ఐదేళ్ల గడువు 2026తో తీరుతుంది, మళ్లీ ఓటు వేయాల్సిన సమయం వస్తుంది.

కువైట్‌లో చమురు కంటే ముందే మునిసిపాలిటీ పుట్టింది. బుర్గాన్‌లో చమురు బయటపడింది 1938లో. మునిసిపాలిటీ పెట్టింది 1930లో. అప్పటికి అది ముత్యాల వేట మీద, పడవల వ్యాపారం మీద బతికే చిన్న పట్టణం. షేక్ యూసుఫ్ బిన్ ఈసా అల్ ఖినాయీ అనే పండితుడు బహ్రెయిన్ వెళ్లి అక్కడి మునిసిపాలిటీని చూసొచ్చి, మనకూ ఇలాంటిది కావాలని పట్టుబట్టాడు. వీధులు ఊడ్వడం, అంగళ్లను అదుపులో పెట్టడం, పన్ను వసూలు చేయడం దాని పని. సభ్యులను ఎన్నికతోనే ఎంచుకున్నారు, కానీ ఓటు వేసింది పేరున్న కుటుంబాల పెద్దలే. ముత్యాల కోసం ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగినవాళ్లకు అందులో చోటు లేదు. 1938లో ఆ వర్తక కుటుంబాలే ఒక శాసన మండలిని కూడా ఎన్నుకున్నాయి. పద్నాలుగు మంది సభ్యులున్న ఆ మండలి ఆర్నెల్లు నిలిచి, డిసెంబరులో రద్దయింది.

1961 జూన్ 19న బ్రిటిషు రక్షణ ఒప్పందం ముగిసి కువైట్ స్వతంత్రమైంది. 1962లో రాజ్యాంగం వచ్చింది, 1963 జనవరిలో మొదటి పార్లమెంటు ఎన్నిక జరిగింది. అరబ్బు గల్ఫులో ఆ కాలానికి ఇది పెద్ద ముందడుగు, ఆ గౌరవం ఇవ్వాల్సిందే. అయితే ఓటరు జాబితా చాలా చిన్నది. 1959 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం 1920కి ముందే ఇక్కడ స్థిరపడి, ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలే అసలు కువైటీలు. ఆ సంవత్సరాన్నే ఎందుకు పట్టుకున్నారంటే, ఎడారి వైపు నుంచి ఇఖ్వాన్ అనే దండు దాడికొచ్చినప్పుడు పట్నం చుట్టూ మట్టి గోడ కట్టిందీ, జహ్రా ఎర్రకోటలో నిలబడి పోరాడిందీ 1920లోనే. తర్వాత పౌరసత్వం పొందినవాళ్లు ఓటు కోసం ఏళ్ల తరబడి ఆగాలి. సైన్యంలో, పోలీసులో ఉన్నవాళ్లకు ఓటు లేదు. ఆడవాళ్లకు అసలే లేదు.

అసలు చెప్పాలనుకున్నది ఈ ఆడవాళ్ల సంగతే. 1999 మే నెలలో అప్పటి అమీరు షేక్ జాబర్ ఆడవాళ్లకు ఓటు ఇస్తూ ఉత్తర్వు తెచ్చారు. నవంబరులో పార్లమెంటు దాన్ని కొట్టేసింది. వెంటనే అదే విషయం మీద సభ్యులే పెట్టిన బిల్లు 30 మంది ఔనని, 32 మంది కాదని అనడంతో పడిపోయింది. రెండే రెండు ఓట్ల తేడా. తర్వాతి ఏడు ఆడవాళ్లు ఓటరు నమోదు కేంద్రాలకు వెళ్లి పేరు రాయమని అడిగారు, కాదంటే కోర్టుకెక్కారు. 2005 మే మొదట్లో మునిసిపల్ ఓటు మటుకైనా ఇద్దామన్న బిల్లు, చాలామంది సభ్యులు ఎటూ చెప్పకుండా తటస్థంగా ఉండిపోవడంతో ఆగిపోయింది. ప్రభుత్వం పట్టు విడవలేదు. మే 16న ఏకంగా పార్లమెంటు ఓటునే సభ ముందు పెట్టింది. 35 మంది ఔనన్నారు, 23 మంది కాదన్నారు. చట్టం నెగ్గింది. అయినా పక్క నెల 2న జరిగిన మునిసిపల్ ఎన్నికకు ఆ హక్కు అందలేదు.

కువైటీ ఆడవాళ్లు మొదటిసారి ఓటు వేసింది 2006 ఏప్రిల్ 4న, సల్వా ప్రాంతంలో ఖాళీ అయిన ఒక్క మునిసిపల్ స్థానానికి. మగవాళ్లకూ ఆడవాళ్లకూ వేరు వేరు పోలింగు కేంద్రాలు. ఇంజనీరు జనాన్ బుషెహ్రీ, డాక్టర్ ఖాలిదా అల్ ఖాదర్ అనే ఇద్దరు మహిళలు పోటీకి దిగారు. ఇద్దరూ గెలవలేదు, బుషెహ్రీ రెండో స్థానంలో నిలిచారు. ఆమె అక్కడితో ఆగలేదు. తర్వాత మంత్రి అయ్యారు, 2022లో పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఓడిన మునిసిపల్ ఎన్నికతో మొదలైన ప్రయాణం అది.

ఇప్పుడు మన ఆడవాళ్లను తలుచుకోండి. ఇక్కడి ఇళ్లలో వంట చేసి, పిల్లలను సాకి, ముసలివాళ్లకు సేవ చేసిన మన రాజంపేట, రాయచోటి అక్కచెల్లెళ్లు ఎంతమందో. 2005 దాకా ఆ ఇంట్లో మేడంకు ఓటు లేదు, ఆమె ఇంట్లో పాత్రలు తోమే మన అక్కకు ఉంది. 1952 మొదటి సార్వత్రిక ఎన్నికల నాడే మన అవ్వలకు ఓటు వచ్చింది, చదువు అడగలేదు, ఆస్తి అడగలేదు. ఈ మాట నేను చెప్పినప్పుడు మన ఆడవాళ్లే నమ్మరు. తమ చేతిలో ఉన్నదాని విలువ వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

2022 ఎన్నిక నాటికి కువైట్ మునిసిపల్ కౌన్సిల్లో 16 స్థానాలు. పదింటికి పది నియోజకవర్గాల జనం ఎన్నుకున్నారు, ఆరింటిని ప్రభుత్వం నియమించింది. ఇళ్ల స్థలాలు, రోడ్లు, కట్టడాల ప్లాన్లు ఈ కౌన్సిల్ ముందుకొస్తాయి. ప్రచారమంతా దీవానియాల్లో. దీవానియా అంటే ఇంటి ముందు భాగంలో మగవాళ్లు చేరి మాట్లాడుకునే పెద్ద హాలు. రాజకీయం తేలేది అక్కడే, టీ, కాఫీ అందించేవాళ్లలో మనవాళ్లుంటారు. జనాభాలో మూడింట రెండొంతులు మాలాంటి బయటివాళ్లమే. వఫ్రా, అబ్దలీ తోటల్లో నీళ్లు కట్టేది మేమే, వీధులు ఊడ్చేది మేమే, ఓటు మాత్రం మాకు లేదు, వచ్చే దారీ లేదు. అది వాళ్ల దేశం, వాళ్ల చట్టం. తెలిసే వచ్చాము.

జహ్రా లాంటి వెలుపలి ప్రాంతాల్లో ఇంకో పద్ధతి ఉండేది. అక్కడ ఎడారి తెగల వాళ్లు ఎక్కువ. అసలు ఎన్నికకు ముందే తెగలో మగవాళ్లు కూడి, లోపల ఓట్లు వేసుకుని, మన తరఫున ఫలానా వాడు అని తేల్చేసేవారు. దీన్ని ఫరయియా అంటారు. 1998లో చట్టం చేసి దీన్ని నేరంగా ప్రకటించారు. ఎందుకంటే తెగ పెద్దలు తేల్చాక అసలు ఎన్నికలో సామాన్యుడి ఓటుకు పని ఉండదు, ఆడవాళ్ల మాటకు తావే ఉండదు. చట్టం వచ్చాక కూడా అవి జరుగుతూనే వచ్చాయి, కేసులూ పడుతూ వచ్చాయి.

ఇది చదువుతుంటే మీకు మన ఊళ్ల ఏకగ్రీవాలు గుర్తొస్తున్నాయా? నాకు గుర్తొస్తున్నాయి. ఒక్కరే నామినేషన్ వేస్తే ఏకగ్రీవం చట్టబద్ధమే. ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ఇస్తామని 2020లో ప్రభుత్వం ప్రకటించింది కూడా. ఊరంతా మనస్ఫూర్తిగా ఒక మనిషిని మెచ్చుకుంటే సంతోషమే. కానీ గుడికి ఇంత, దారికి ఇంత అని సర్పంచు పదవిని వేలం పాడటం, ఇంకెవరైనా నామినేషన్ వేస్తే బెదిరించడం ఎన్నిక కాదు. కువైట్ నేరమని చట్టం చేసిన పనిని మనం ఊరి మర్యాద అనుకుంటున్నాము.

ఊరి ఓటు విలువ ఏమిటో మాకు వరద చెప్పింది. రాజంపేట మునిసిపాలిటీకి 2021 నవంబరు 15న పోలింగ్ జరిగింది, 17న లెక్కింపు. 19న తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట కొట్టుకుపోతుంటే మేమిక్కడ ఫోన్లు పట్టుకుని రాత్రింబవళ్లు ఏడ్చాము. నీళ్లు తగ్గాక ఏ ఇల్లు ఎవరిది, ఎవరి పేరు జాబితాలో లేదు అన్న మాట వచ్చినప్పుడు ప్రతి ఇల్లూ తెలిసిన వార్డు సభ్యుడు ఎంత ముఖ్యమో ఊళ్లకు అర్థమైంది. ఢిల్లీ, విజయవాడ మనుషులకు మన వీధి తెలియదు.

అందుకే ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు ఒకటి చెబుతాను. కువైట్ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లను వార్డుకూ, సర్పంచు పదవికీ నిలబెట్టండి. పరాయి భాష నేర్చుకుని, పైసా పైసా లెక్క చూసి, అప్పులు తీర్చి, ఇల్లు కట్టినవాళ్లు వాళ్లు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవే. 21 ఏళ్లు నిండి, ఆ ఊరి ఓటరు జాబితాలో పేరుంటే పోటీకి మొదటి మెట్టు ఎక్కినట్టే. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే కుదరదన్న నిబంధనను 2024లో తీసేశారు. గెలిచాక కుర్చీలో ఆమే కూర్చోవాలి, భర్తో కొడుకో కాదు.

నాతో పాటు ఇక్కడున్నవాళ్లకు ఇంకొకటి. మనం ఊళ్లో ఉండటం లేదని జాబితాలోంచి పేరు తీసేయవచ్చు. అయినా భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామాతో ఓటరుగా నమోదు కావచ్చు. 2010లో చట్టం సవరించి ఇచ్చిన హక్కు ఇది. ఆన్‌లైన్‌లోనే పంపొచ్చు. ఓటు వేయడానికి మాత్రం ఊరికి రావాలి, పోలింగ్ కేంద్రంలో అసలు పాస్‌పోర్టు చూపాలి. సెలవు ఎటూ పెడతాం, ఈసారి ఎన్నికల తేదీ చూసుకుని టికెట్టు కొనండి. అంతకంటే ముందు మీ పేరు జాబితాలో ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.