చైనా-తైవాన్ పోటీలో ద్వైపాక్షిక వాణిజ్య ఒప్పందాలు

తైవాన్‌ను ఏ దేశమూ గుర్తించకుండా చూడాలని చైనా, గుర్తిస్తున్న కొద్ది దేశాలనైనా చేజారనివ్వకూడదని తైవాన్ దశాబ్దాలుగా పెనుగులాడుతున్నాయి. ఈ పోరులో వాణిజ్య ఒప్పందం దౌత్య కానుకగా చెలామణీ అయింది. 2003-2007 మధ్య పనామా, గ్వాటెమాలా, నికరాగువా, ఎల్ సాల్వడోర్, హోండురాస్‌లతో తైవాన్ స్వేచ్ఛా వాణిజ్యానికి సంతకాలు చేసింది. వాటిలో ఒక్కటీ దానికి పెద్ద మార్కెట్ కాదు. అన్నీ అప్పటికి దాన్ని గుర్తించిన దేశాలే. ఆ అయిదింటిలో ఇప్పుడు గ్వాటెమాలా మాత్రమే మిగిలింది, తక్కినవి చైనా వైపు మళ్లాయి. ఎలాగూ పెద్ద మార్కెట్ వైపే మొగ్గుతారు, ఇందులో రాజకీయమేముందని అడగవచ్చు. కానీ వరస చూడండి: కోస్టారికా 2007లో చైనాను గుర్తించింది, ఒప్పందం 2010లో వచ్చింది. నికరాగువా 2021లో మారింది, ఒప్పందం 2023లో వచ్చింది. పైగా మార్కెట్ పెద్దదైనంత మాత్రాన సరుకు అమ్ముడుపోదు. హోండురాస్ రొయ్యలకు తైవాన్ సుంకం లేని ప్రధాన మార్కెట్‌గా ఉండేది. 2023 మార్చిలో సంబంధాలు తెగాక ఆ మినహాయింపు పోయింది. చైనా ఆ లోటు పూడ్చలేదని అక్కడి రొయ్యల రైతులే మొరపెట్టుకున్నారు.

చైనా స్వయంగా తైవాన్‌తో 2010 జూన్ 29న చోంగ్‌చింగ్‌లో చేసుకున్న ఒప్పందం ఇంకా ఆసక్తికరం. తొలి విడతలో చైనా 539 రకాల తైవాన్ సరుకులపై సుంకాలు తగ్గిస్తే, తైవాన్ 267 రకాలపైనే తగ్గించింది. ఈ ఉదారత వెనుక ఆశించింది మనసులు గెలవడమే అయితే అది నెరవేరలేదు: సేవల వాణిజ్యానికి సంబంధించిన తదుపరి ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ 2014 మార్చిలో విద్యార్థులు శాసనసభలోకే చొరబడి తిష్ఠ వేశారు, అది నేటికీ ఆమోదం పొందలేదు. ఇచ్చిన రాయితీని వెనక్కి తీసుకునే వీలు మాత్రం చైనాకు మిగిలింది. తైవాన్ అధ్యక్ష ఎన్నికకు కొన్ని వారాల ముందు, 2023 డిసెంబర్‌లో, 12 రసాయన ఉత్పత్తులకు రాయితీ ఆపుతున్నట్లు ప్రకటించింది. అయినా బీజింగ్‌కు గిట్టని లాయ్ చింగ్-తే గెలిచారు. 2024 జూన్‌లో మరో 134 సరుకులకు కోత పడింది. అంటే ఈ ఆయుధం గాయపరచగలదు గానీ ఓటు మార్చలేకపోయింది.

2013లో న్యూజిలాండ్, సింగపూర్ తైవాన్‌తో సంతకాలు చేశాయి కదా, ఒప్పందాలు దానికి దారులు తెరిచాయి కదా అంటే, నిజమే. చైనాతో సయోధ్య నడిచిన రోజులవి. పత్రాల్లో తైవాన్ దేశంగా కాక ‘ప్రత్యేక సుంకాల ప్రాంతం’గానే కనిపించింది. 2023 జూన్‌లో అమెరికాతో కుదిరిన తొలి ఒప్పందంపైనా ఇరు ప్రభుత్వాలు నేరుగా కాక వాటి ప్రతినిధి కార్యాలయాలే సంతకం చేశాయి. అందులో సుంకాల తగ్గింపు ఊసే లేదు.