ద్వీపాంతరమున ఒక గ్రంథాలయము

హిందీలోని 'కాలాపానీ' అను మాటను తెలుగు చేయవలసి వచ్చినప్పుడెల్లను నేను కొంత తడబడుచుందును. 'నల్లనీరు' అన్నచో అర్థము జారిపోవును. 'ద్వీపాంతరవాసము' అన్నచో న్యాయస్థానపు వాసన తగులును. మన పల్లెలలోని పెద్దలు ఈ రెండింటిని కాదని, 'అండమాను పంపినారు' అని యూరకుండెడివారు. మాట ఏదైనను దానిలోనున్నది తిరిగిరాని ప్రయాణమే. అట్టి చోట ఒక గ్రంథాలయము పుట్టి, ఒకమారు అణగి, మరల లేచి, నెలనెలా పాఠములు చెప్పించి, వాదములు నడపించినదన్నచో వినువారికి వింతగా తోచకమానదు. అది ఏ దాతయు కట్టించినది కాదు. దొరతనమువారు దయదలచి పెట్టినదియు కాదు. దాని చరిత్రలో మూడు ప్రాణములు పోయినవి.

1858 మార్చిలో డాక్టరు వాకరు సుమారు రెండువందలమంది ఖైదీలతో పోర్టుబ్లెయరున దిగెను. (2024లో ఆ పట్టణమునకు శ్రీ విజయపురమని పేరు మార్చిరి.) ఆ తొలి దినములలో వచ్చినవారిలో విద్వాంసులును ఉండిరి. ఫజ్ల్-ఎ-హక్ ఖైరాబాదీ అరబ్బీభాషలో తన కాలపు తిరుగుబాటు కథను ఆ దీవియందే వ్రాసి, 1861లో అచ్చటనే మరణించెను. బొగ్గుతో గుడ్డపేలికలపై వ్రాసెనని ప్రతీతి. 1866లో వచ్చిన మౌలానా జాఫర్ థానేసరీ అచ్చట గుమాస్తా పని చేయుచు ఆంగ్లము నేర్చి, విడుదలయైన పిదప 'కాలాపానీ' అను పేరుతో ఉర్దూలో తన కథను వ్రాసెను. గ్రంథాలయము లేని దినములవి. అయినను చదువరి ఉన్నచోట కాగితము కొరకు వెదకులాట తప్పదు.

సెల్యులర్ జైలు నిర్మాణము 1896లో ఆరంభమై 1906లో ముగిసెను. నడుమ ఒక గోపురము, దానినుండి చక్రపు ఆకులవలె ఏడు పార్శ్వములు. ఒక పార్శ్వపు గదుల ముఖము మరియొక పార్శ్వపు వీపునకు ఎదురుగా నుండునట్లు కట్టిరి. ఒక ఖైదీ మరియొక ఖైదీ ముఖము చూడరాదు, మాట వినరాదు. పుస్తకమనునది చేతినుండి చేతికి మారవలసిన వస్తువు. ఆ కట్టడము అట్టి మార్పిడిని ఆపుటకే పుట్టినది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నచో తరువాతి కథయంతయు తేటపడును.

1909 తరువాత బారీంద్రకుమార్ ఘోష్, ఉపేంద్రనాథ్ బెనర్జీ మొదలైన వంగదేశపు విప్లవకారులును, 1911లో వినాయక దామోదర సావర్కరును అచ్చటికి వచ్చిరి. పగలంతయు కొబ్బరిపీచు దంచుట, లేదా గానుగ త్రిప్పి దినమునకు ముప్పది పౌనుల నూనె తీయుట వారి పని. ఏడాదికి ఒక ఉత్తరము. చదువు ముదిరినకొలది ఖైదీ చెడునని జైలరు బారీకి గట్టి నమ్మకమని ఆనాటివారి ఆత్మకథలు చెప్పుచున్నవి. తొలుత ఒకరి పుస్తకము మరియొకరి చేతికి చేరుట నేరము. క్రమముగా, ఇండ్లనుండి వచ్చిన పుస్తకములను ఒకచోట చేర్చి అందరును చదువుకొను పద్ధతి ఏర్పడెను. ఆ సంపుటములు రెండువేలవరకు పెరిగెనని ప్రతీతి. కాగితము దొరకనప్పుడు సావర్కరు గోడలపై గీచి పద్యములు కూర్చి కంఠస్థము చేసెను. చదువురాని ఖైదీలకు అక్షరములు నేర్పుటయు, వేరువేరు ప్రాంతములవారి నడుమ హిందీని వాడుకలోనికి తెచ్చుటయు ఆయన పూనిన పనులు. నేటికిని ఆ దీవులలో వంగీయుడును తమిళుడును తెలుగువాడును కలిసినప్పుడు హిందీలోనే మాటాడుకొందురు. వృత్తిచేత ఈ రెండు భాషల నడుమ తిరుగువాడను గనుక ఈ మాట చెప్పక యుండలేకపోతిని.

జైళ్ల విచారణసంఘపు సిఫారసులకు పిదప 1921 నాటికి రాజకీయ ఖైదీలలో అనేకులను మాతృదేశమునకు మరలించిరి. వారితోబాటు ఆ తొలి గ్రంథాలయపు కథయు ముగిసినట్లే అయ్యెను. కాని 1932లో చిట్టగాంగు ఆయుధాగారపు కేసువారు మొదలుకొని మరల ఓడలనిండ విప్లవకారులను తెచ్చి దింపిరి. రాత్రి గదిలో దీపము లేదు, పుస్తకము లేదు, పత్రిక లేదు, ఒకరితో ఒకరికి మాటలేదు. 1933 మే 12న వారు నిరాహారదీక్ష పూనిరి. వారి కోర్కెల పట్టికను చూడుడు: తినదగిన తిండి, సబ్బు, పడుకొనుటకు మంచము, గదిలో దీపము, చదువుకొనుటకు పుస్తకములు. రాజ్యమును అడుగలేదు, విడుదలను అడుగలేదు. బలవంతముగా పాలు పోయబోగా అవి ఊపిరితిత్తులలో చేరి, భగత్‌సింగు సహచరుడైన మహావీర్ సింగు మే 17న మరణించెను. అదే నెలలో మోహన్ కిశోర్ నమదాసును, మోహిత్ మిత్రయు పోయిరి. శవములను రాళ్లు కట్టి సముద్రమున విడిచిరని తోడి ఖైదీలు చెప్పిరి. నలువదియారు దినముల పిదప, జూన్ 26న, ప్రభుత్వము దిగివచ్చెను. దీపము వచ్చెను. పుస్తకమును వచ్చెను.

అటుపై జైలునందలి నెల వేరువిధముగా నడువసాగెను. ఊరి గ్రంథాలయమునకు బండియో తపాలాయో పుస్తకములను తెచ్చును. ఈ గ్రంథాలయమునకు పొగయోడ రావలెను. ఖైదీలను తెచ్చిన 'మహారాజా' వంటి ఓడలే ఉత్తరములను, బంధువులు పంపిన కట్టలను తెచ్చెడివి. కట్ట విప్పినది మొదట అధికారి. ఆయన చేయి దాటిన తరువాతనే అది చదువరిది. ఓడ వచ్చిన వారము క్రొత్త పుస్తకముల వారము; మిగిలిన దినములలో ఉన్నవానినే మరల మరల త్రిప్పుట. చాలనన్ని ప్రతులు లేనిచోట ఒకరు చదువ పలువురు వినుట ఉపాయము. డాక్టరు నారాయణ రాయ్, నిరంజన్ సేన్‌గుప్తా, సతీశ్ పాక్రాశీ వంటి పెద్దలు చరిత్రను, అర్థశాస్త్రమును, తత్త్వమును తరగతులుగా ఏర్పరచి బోధించిరి. బాంబు చేయుటయే దేశభక్తియని వచ్చిన పదునెనిమిదేండ్ల కుర్రవాడు ఇచ్చట కూర్చుండి ఫ్రెంచివిప్లవమును, రష్యావిప్లవమును పాఠములుగా చదివెను. చేతివ్రాత పత్రికను నడపిరి, వాదసభలు పెట్టిరి. 1935లో వారిలో కొందరు కమ్యూనిస్టు కన్సాలిడేషన్ అను సంఘమును స్థాపించిరి. సావర్కరు చదివిన జైలును వీరు చదివిన జైలును ఒకటే. ఆయన పట్టిన త్రోవ వేరు, వీరు పట్టిన త్రోవ వేరు. ఎవరి పక్షము సరియైనదను వాదమునకు నేను దిగను. పుస్తకము ఇరువురకును ఒకే ఆకలి తీర్చినది. అది ఎవరిని ఏ యింటికి చేర్చునో ముందుగా తెలిసినచో బారీకి అంత భయముండెడిది కాదేమో!

అవే సంవత్సరములలో మన తెలుగుదేశమున జరిగినది తలచుకొన్నచో పోలిక తెలియును. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి అధ్యక్షతను ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల తొలి మహాసభ జరిగెను. దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్యగారి పట్టుదల యున్నది. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో గుంటూరు మండలమందలి పెదపాలెము సేవాశ్రమమువారు పుస్తకములను పడవకెక్కించి కాలువ వెంబడి పల్లెలకు పంపిరి. కాలువపై పడవ గట్టు చేరగానే పిల్లలు పరుగెత్తివచ్చుటయు, కడలిపై ఓడ రేవు చేరగానే గదులలో మనుష్యులు చెవులు రిక్కించుటయు ఒకే కాలపు దృశ్యములు. అయితే ఒక భేదమున్నది: పెదపాలెము పడవ చదువరిని వెదకుకొనుచు పోయినది. జైలు గ్రంథాలయమునకు ఎవరు చేరవచ్చునో చట్టము నిర్ణయించెను.

ఈ భేదము మనవారి విషయమున బాధాకరముగా కనబడును. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి చదువుకొన్నవాడు. ఆ చదువరుల లోకమున ఆయనకు చోటు కలదు. కాని అంతకు పది సంవత్సరములకు పూర్వమే, 1922-24 నాటి మన్యపు పితూరీ అనంతరము, అల్లూరి సీతారామరాజు అనుచరులైన కొండవారిని అండమానునకు పంపిరి. వారిలో గాము మల్లుదొర ఒకడు. అతనికి మొదట విధించినది ఉరిశిక్ష. వంగభాషలో, మరాఠీలో, హిందీలో, ఆంగ్లములో ఆ జైలునుగూర్చి ఎన్ని ఆత్మకథలు లేవు! బారీంద్రుడు వ్రాసెను, ఉపేంద్రుడు వ్రాసెను, విజయకుమార్ సిన్హా వ్రాసెను. వానిలో గంటందొరల, మల్లుదొరల జాతివారికి దక్కిన పంక్తులెన్ని? చదువు నేర్చినవాడే చరిత్రకెక్కును. గ్రంథాలయపు గొప్పను చెప్పువారు ఈ లోపమును కూడ చెప్పుట న్యాయము. మల్లుదొర మాత్రము తిరిగివచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి మొదటి లోకసభకు ఎన్నికయ్యెను.

1937 జూలైలో ఖైదీలు రెండవమారు దీక్ష పూనిరి. ఈసారి అడిగినది పుస్తకమును కాదు, విడుదలను, స్వదేశమునకు మరలించుటను. రెండువందలమందికి పైగా చేరిరి. కలకత్తా పురమందిరమున రవీంద్రనాథ ఠాకూరు నిరసనసభలో పాల్గొనెను. గాంధీగారు తంతి పంపిరి. ఆగస్టు చివర దీక్ష ముగిసెను. సెప్టెంబరు మొదలుకొని 1938 జనవరివరకు రాజకీయ ఖైదీలందరిని విడతలుగా మాతృదేశపు జైళ్లకు తరలించిరి. 1941 జూన్‌లో వచ్చిన భూకంపము ఆ కట్టడమును కదల్చెను. 1942 మార్చిలో జపానువారు దీవులను పట్టుకొనిరి. అప్పుడు అదే గదులలో చదువుకొన్న దీవివాసులను గూఢచారులని అనుమానించి బంధించిరి. 1944 జనవరి 30న నలువదినలుగురిని హంఫ్రీగంజ్‌లో కాల్చి చంపిరి. స్వాతంత్ర్యానంతరము ఏడు పార్శ్వములలో మూడు మాత్రమే మిగిలెను. తీసివేసిన చోట ఆసుపత్రి కట్టిరి. మిగిలినదానిని 1979లో జాతీయ స్మారకముగా ప్రకటించిరి. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులవారిలో నూటికి పదముగ్గురు తమ మాతృభాష తెలుగని చెప్పిరి.

చిట్టగాంగు కేసులో అందరికంటె చిన్నవాడు సుబోధ్ రాయ్. ఆయుధాగారముపై దాడి నాటికి పదునాలుగేండ్ల బాలుడు. 1934లో అతనిని పోర్టుబ్లెయరునకు పంపిరి, 1940లో విడుదలయ్యెను. పిమ్మట పెక్కేండ్లకు అతడు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారమున కూర్చుండి, తనవంటివారిని గూర్చి ఆనాటి ప్రభుత్వము రహస్యముగా వ్రాసికొన్న కాగితములను ఒక్కొక్కటిగా చదివి, ఏర్చి, సంపుటములుగా అచ్చువేయించెను.