బొమ్మలో లేని మనుషులు

'సఫారీ' స్వాహిలీ మాట. ఆ భాషకు అది అరబ్బీ నుండి వచ్చింది. హైదరాబాదు వైపు వారికి 'సఫర్' అన్న ఉర్దూ మాట తెలిసే ఉంటుంది. రెండింటికీ మూలం ఒకటే, ప్రయాణమని అర్థం. అందులో సింహమూ లేదు, తుపాకీ లేదు, కెమెరా అసలే లేదు. వర్తకుల బిడారు బయలుదేరినా అది సఫారీయే. దానికి వేట అన్న అర్థాన్ని అంటగట్టినవారు ఐరోపా నుండి వచ్చిన దొరలు. (ఒకప్పుడు మన పెళ్ళిళ్ళలో మేనమామలు తొడిగిన సఫారీ సూటు చరిత్ర మరో టపాకు సరిపడా ఉంది.) ఇటువంటిదే మరో మాట 'స్నాప్‌షాట్'. గురి చూసుకునే వ్యవధి లేక చటుక్కున పేల్చే గుండును వేటగాళ్ళు అలా అనేవారు. ఫొటోకు ఆ పేరు తరువాత అబ్బింది.

ఆఫ్రికా మృగాల ఛాయాచిత్రాల గురించి సాధారణంగా వినిపించే కథ ఒకటుంది. మొదట దొరలు తుపాకులతో వచ్చారట, జంతువులు తరిగిపోవడం చూసి మనసు మారిందట, తుపాకీ దించి కెమెరా ఎత్తుకున్నారట. వినడానికి వాల్మీకి కథలా ఇంపుగా ఉంటుంది. పాత పుస్తకాలు తిరగేస్తున్నకొద్దీ ఈ కథ నాకు మింగుడుపడటం లేదు.

కార్ల్ గియోర్గ్ షిల్లింగ్స్ అన్న జర్మనుణ్ణే తీసుకోండి. నేటి టాంజానియా ఆనాడు జర్మన్ తూర్పు ఆఫ్రికా. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో అక్కడి అడవుల్లో రాత్రివేళ సింహాలనూ, హైనాలనూ, నీళ్ళకు వచ్చే జీబ్రాలనూ ఫొటో తీసినవాడు ఈయన. ఫిల్ములు చాలని రోజులవి. గాజుపలకల మీద బొమ్మ పట్టాలి. వెలుతురు కోసం మెగ్నీషియం పొడిని భగ్గున మండించాలి. 1905లో వెలువడ్డ ఆయన పుస్తకంలో మూడు వందలకు పైగా ఛాయాచిత్రాలున్నాయి. నెగెటివులకు ఎక్కడా మెరుగులు దిద్దలేదని పుస్తకం ముఖపత్రం మీదే ప్రకటించుకున్నాడు. ఆ నిజాయితీ మెచ్చుకోదగ్గదే. ఆ బొమ్మల్లో చాలా వాటికి అంచులు మసకబారి ఉంటాయి, మృగం సగమే కనబడుతుంది, అయినా చూస్తుంటే గుండె జల్లుమంటుంది.

అయితే సింహం ఆ చోటికే, ఆ వేళకే ఎలా వచ్చింది? దాని కోసం అక్కడొక గాడిదనో, ఎద్దునో కట్టేసి ఉంచారు. ఎర మీదకు సింహం లంఘించినప్పుడు మంట భగ్గుమంటుంది, పలక మీద బొమ్మ పడుతుంది. నెగెటివుకు మెరుగులు లేవు సరే, దృశ్యం మాత్రం ఏర్పాటు చేసినదే. పుస్తకం పేరులో 'మెరుపు వెలుగు'కు జంటగా 'తుపాకీ' ఉన్నదీ ఊరికే కాదు. పగలు ఆయన మ్యూజియంల కోసం జంతువులను కాల్చాడు. రెండు పనులకూ మధ్య ఆయనకు వైరుధ్యం కనబడలేదు. మృగాలు అంతరించిపోతున్నాయని ఆ పుస్తకంలోనే వాపోయాడు కూడా.

మరి ఆ గాజుపలకల పెట్టెలను, మందుపొడిని, గుడారాలను మోసినదెవరు? రోడ్డూ రైలూ లేని చోట అదంతా మనిషి తలమీదే సాగాలి. బారులు తీరిన ఆఫ్రికా కూలీలు లేనిదే ఒక్క బొమ్మ కూడా లేదు. ముఖపత్రం మీద పేరు మాత్రం ఒక్కరిదే.

1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ తూర్పు ఆఫ్రికాకు వచ్చాడు. ఆయనా, కొడుకు కెర్మిటూ కలిసి చంపినవి, ఆయన స్వయంగా ఇచ్చిన లెక్క ప్రకారం, 512. ఆ కెర్మిటే బృందానికి ఫొటోగ్రాఫరు కూడా! బ్రిటిషు ఛాయాగ్రాహకుడు చెర్రీ కీర్టన్ అక్కడ రూజ్వెల్టును చలనచిత్రంగా తీశాడు. అది తెరకెక్కకముందే షికాగోలో సెలిగ్ అనే నిర్మాత ముసలి సింహాన్నొకదాన్ని కొని, రూజ్వెల్టును పోలిన వేషధారిని పెట్టి, కెమెరా ముందే దాన్ని కాల్పించి 'ఆఫ్రికా వేట' సినిమా చేశాడు. జనం విరగబడి చూశారు. ఆ తరువాత వచ్చిన కీర్టన్ అసలు చిత్రం ఆ నకిలీ ముందు చప్పగా తేలిపోయింది. మృగం ఎలా ఉండాలో ప్రేక్షకుడు అప్పటికే నిశ్చయించుకున్నాడన్నమాట.

ఆ రుచి తెలిసినవారు మార్టిన్, ఓసా జాన్సన్ దంపతులు. కోడాక్ అధిపతి జార్జి ఈస్ట్‌మన్ వంటి వారి పెట్టుబడితో 1924 నుండి 1927 దాకా ఉత్తర కెన్యాలోని మార్సబిట్ కొండ మీద, ఒక సరస్సు గట్టున కాపురం పెట్టారు. మార్టిన్ కెమెరా తిప్పుతుంటే పక్కన ఓసా తుపాకీ ఎక్కుపెట్టి నిలబడేది. ఏనుగులనూ ఖడ్గమృగాలనూ రెచ్చగొట్టి మీదికి వచ్చేలా చేయడం, మరీ దగ్గరికొస్తే కాల్చడం వారి పద్ధతి. ఓసా ధైర్యం ముందు నాకు నోట మాట రాదు. ఆ ఏనుగు తరఫున ఆలోచిస్తే మరోలా ఉంటుంది. 1928 నాటి వారి 'సింబా' చిత్రంతో అమెరికా పట్టణాల్లో ఆఫ్రికా అంటే అదేనన్న ముద్ర పడిపోయింది.

తరువాత కార్లు వచ్చాయి, పొడవాటి లెన్సులు వచ్చాయి, ప్రాణభయం తగ్గింది. 1977లో కెన్యా వేటను పూర్తిగా నిషేధించింది. ఇక్కడి వరకూ అందరికీ తెలిసిన కథే.

నన్ను ఆపేది నడుమ జరిగిన సంగతి. ఉత్తర టాంజానియాలోని సెరెంగెటి పేరే మసాయి భాష నుండి వచ్చింది. అంతులేని మైదానమని చెబుతారు. అక్కడ మసాయిలు ఆవులు మేపుకున్నారు. 1951లో జాతీయోద్యానమయ్యాక కూడా కొన్నాళ్ళు లోపలే ఉన్నారు. 1958లో వారి పెద్దలు 12 మంది చేత ఆ మైదానాన్ని ఖాళీ చేసే ఒప్పందం మీద బ్రిటిషు పాలకులు సంతకాలు పెట్టించుకున్నారు. 1959లో వారిని పక్కనున్న న్గొరొంగోరో వైపు తరలించారు.

అదే 1959లో జర్మన్ జంతుశాస్త్రవేత్త బెర్నార్డ్ గ్రిమెక్ సెరెంగెటి మీద తీసిన చిత్రం విడుదలయింది. 1960లో ఆస్కారు అందుకుంది. చిత్రీకరణ కాలంలోనే ఆయన కొడుకు మైఖేల్, జీబ్రా చారలు పూసిన వారి చిన్న విమానం కూలి, 24 ఏళ్ళకే మరణించాడు. ఆ తండ్రి దుఃఖాన్నీ, గాలిలోంచి మృగాలను లెక్కించడానికి ఇద్దరూ పడ్డ శ్రమనూ తక్కువ చేయను. కానీ ఉద్యానంలో మనుషులెవరూ, స్థానికులైనా సరే, ఉండకూడదన్నది గ్రిమెక్ వాదం. ఆ సినిమా వల్ల మసాయిలు కదిలారని నేననను. ఒప్పందం అంతకు ముందే జరిగింది. ఖాళీ అయిన మైదానమే సహజమైన మైదానమని ప్రపంచాన్ని నమ్మించింది మాత్రం అటువంటి చిత్రాలే. అరవయ్యేళ్ళు కెమెరాలు ఏ గుడిసెనూ, ఏ పశువునూ చట్రంలోకి రానివ్వలేదు. చూసి చూసి అలవాటుపడిన కళ్ళకు, అక్కడ నిజంగా ఎవరూ లేకపోవడం వింతగా తోచలేదు.

2022 నుండి టాంజానియా ప్రభుత్వం న్గొరొంగోరోలోని మసాయి కుటుంబాలను కూడా వందల కిలోమీటర్ల దూరంలోని మ్సోమెరా అన్న ఊరికి తరలించడం మొదలుపెట్టింది. ఇష్టపడే వెళుతున్నారని ప్రభుత్వమూ, కాదని వారిలో అనేకులూ అంటున్నారు. ఆ చోటికి యాత్రలు నడిపే వారి కరపత్రాలు కొన్ని నా చేతికి వచ్చాయి. గడ్డి, జీబ్రాలు, సూర్యాస్తమయం. మసాయిలూ ఉన్నారు, వేరే పుటలో, 'సాంస్కృతిక సందర్శన' అన్న శీర్షిక కింద, అదనపు రుసుముతో.