గోధుమలో ఆకులపై పోషకాల పిచికారీ: చరిత్ర

పోషకాలను నీటిలో కరిగించి నేరుగా గోధుమ ఆకులపై చల్లే పద్ధతి ఇది. వేళ్లు అందుకోలేని పోషకాన్ని, కావలసిన అదనుకు, కొద్ది మోతాదులో అందించడం దీని బలం. నేలలో వేసే ఎరువుకు ఇది బదులు కాదు.

1840లలో ఫ్రాన్సుకు చెందిన యూజెబ్ గ్రీ, పసుపు బారిన ఆకులకు ఇనుప లవణాల ద్రావణం పట్టిస్తే తిరిగి పచ్చబడతాయని చూపించాడు. ఆకు పీల్చిన పోషకం మొక్కలో ఎటు పోతుందో తేలడానికి మరో శతాబ్దం పట్టింది. 1950లలో అమెరికాలోని మిచిగన్‌లో శాస్త్రవేత్తలు టూకీ, విట్వర్ రేడియోధార్మిక ఐసోటోపుల సాయంతో ఆ దారిని పట్టుకున్నారు.

గోధుమ విషయంలో మలుపు కాన్సాస్‌లో వచ్చింది. పానీ అనే రకంపై యూరియా ద్రావణం చల్లిన ఫలితాలను ఫిన్నీ బృందం 1957లో ప్రచురించింది. పూత సమయంలో చల్లితే గింజలో మాంసకృత్తులు బాగా పెరిగాయి. అప్పటికి వెన్నుల సంఖ్య ఖాయమైపోతుంది కనుక ఆలస్యంగా అందిన నత్రజని దిగుబడి కంటే నాణ్యతకే ఎక్కువ ఉపయోగపడుతుంది. బ్రిటన్‌లో రొట్టెల గోధుమకు మిల్లులు 13 శాతం మాంసకృత్తులు అడుగుతాయి. అందుకే అక్కడి రైతులు గింజ పాలు పోసుకునే దశలో హెక్టారుకు సుమారు 40 కిలోల నత్రజనిని యూరియా ద్రావణంగా చల్లుతారు. ఎండలో చల్లితే ఆకుల కొసలు మాడతాయి.

దిగుబడినే కాపాడిన ఉదాహరణ పంజాబ్‌ది. తేలిక నేలల్లో ఏటా వరి తర్వాత గోధుమ వేయడంతో, నిలవనీటిలో కరిగిన మాంగనీసు అడుగు పొరల్లోకి దిగిపోయింది. 1980ల తొలినాళ్లలో తక్కర్, నయ్యర్ ఈ లోపాన్ని గోధుమలో గుర్తించారు. నేలలో వేసిన మాంగనీసు త్వరగా మొక్కకు అందని రూపంలోకి మారుతుంది. అందుకే లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయం 0.5 శాతం మాంగనీసు సల్ఫేట్‌ను మొదటి తడికి ముందు ఒకసారి, తర్వాత వారం వారం చల్లమంటుంది.

ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన ఘట్టం జింకుది. తిండిలో అధికభాగం గోధుమే అయిన ఇళ్లలో పిల్లల ఎదుగుదలను జింకు లోపం దెబ్బతీస్తుంది. టర్కీ శాస్త్రవేత్త ఇస్మాయిల్ చక్మక్ ఈ సమస్యను పొలం నుంచే ఎదుర్కోవాలని పూనుకున్నాడు. భారత్ సహా ఏడు దేశాల్లో చేసిన పరీక్షల ఫలితాలు 2012లో వెలువడ్డాయి. జింకు సల్ఫేట్ పిచికారీతో గింజలో జింకు కిలోకు సగటున 27 మిల్లీగ్రాముల నుంచి 48కి చేరింది. నేలలో వేసినప్పుడు పెరిగింది 12 శాతమే.

2021లో భారత ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో, ఆకులపై చల్లే ద్రవ రూపంలో నానో యూరియాను తెచ్చి, అర లీటరు సీసా 45 కిలోల యూరియా బస్తాకు సమానమని చెప్పింది. 4 శాతం నత్రజని ఉన్న ఆ సీసాలో నత్రజని 20 గ్రాములు, బస్తాలో 20 కిలోలకు పైనే. లూధియానా శాస్త్రవేత్తల పరీక్షల్లో, సిఫారసు చేసిన నత్రజనిని తగ్గించి నానో యూరియా చల్లిన మళ్లలో గోధుమ దిగుబడి 21.6 శాతం పడిపోయింది, గింజలో నత్రజని కూడా తగ్గింది.